దొరువు అడుగున సముద్రం

నా చిన్నప్పుడు నీళ్ళు తక్కువైతే ఇంకాస్త లోతుకు తవ్వాలన్నదే నాకు తెలిసిన శాస్త్రం. చెరుకుపల్లి దగ్గర మా ఊరిది నల్లరేగడి నేల. ఎండాకాలం కాలువలు కట్టేశాక చెరువు అడుగంటేది. అప్పుడు ఊరంతా చెరువులో దిగి పూడిక తీసేవాళ్ళు. మగవాళ్ళు పారలతో బంకమట్టి తవ్వితే ఆడవాళ్ళు తట్టలతో గట్టు మీదికి మోసేవాళ్ళు. పిల్లలం ఒళ్ళంతా మట్టి పూసుకుని అందరి కాళ్ళకూ అడ్డం పడేవాళ్ళం. మళ్ళీ కాలువ వదలగానే తవ్వినంత మేరా నీళ్ళు నిండేవి. ఎంత లోతు తవ్వితే అన్ని నీళ్ళు. పదేళ్ళ పిల్లకు అంతకంటే రుజువు ఏం కావాలి?

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. తెనాలిలో ముప్పై ఏళ్ళకు పైగా బడిపిల్లలకు సోషల్ చెప్పి రిటైరయ్యాను. నేలలు, వానలు, నదులు, డెల్టాలు అంటూ బోర్డు మీద సుద్దముక్కతో గీసీ గీసీ ఈ కుడి భుజం పనికిరాకుండా పోయింది. చెప్పిన పాఠాల్లో సగం నాకే గుర్తులేవు, విన్నవాళ్ళకు గుర్తుంటాయని ఎందుకనుకోవాలి? మరిచిపోని పాఠం ఒక్కటే ఉంది. అది నేను చెప్పింది కాదు, మా మేనత్త దగ్గర నేర్చుకున్నది. అది కూడా చెయ్యకూడని పని చేసేశాక నేర్చుకున్నది.

మా మేనత్త అంటే నాన్నకు చెల్లెలు. బాపట్లకూ సూర్యలంకకూ మధ్య ఇసుక నేలలో ఎకరం చిల్లర తోట ఆవిడది. మావయ్య పోయాక వంగ, బెండ, కాకర పండించి బాపట్ల పంపుకుని బతికేది. నన్ను ఆ వేసవి ఆవిడ దగ్గరకు పంపడానికి వేరే కారణం ఉంది. మా ఇంటి ముందు ఆగిన ఎడ్లబండి చక్రం చీల తీసి చూద్దామని నాకు బుద్ధి పుట్టింది. తీసి మళ్ళీ పెట్టడం మరిచిపోయాను. బండి బయల్దేరి పది గజాలు పోకముందే చక్రం ఊడి, బండివాడు పక్క కాలువలో పడ్డాడు. అతనికి పెద్దగా దెబ్బ తగల్లేదు గాని మా నాన్న ఒంటికాలి మీద లేచాడు. ఆడపిల్లకు అయిదో తరగతి చాలన్నది ఎలాగూ ఆయన ఉద్దేశమే. తెనాలి హైస్కూల్లో వేయమని నెలల తరబడి ఆయన ప్రాణం తీసింది మేనత్తే. చివరికి ఆయన ఒక షరతు పెట్టాడు. ఈ వేసవంతా పిల్ల నీ దగ్గరే ఉండాలి, ఇంకొక్క ఆగడం నా చెవిన పడిందంటే చదువు సంగతి మళ్ళీ నా దగ్గర ఎత్తకూడదు అన్నాడు. అత్త సరేనని నన్ను రైలెక్కించి తీసుకుపోయింది.

ఆ ఇసుక నేలలో బావులుండవు. దొరువులు ఉండేవి. దొరువంటే ఇసుకలో తవ్విన వెడల్పాటి గుంట. పక్కలు ఏటవాలుగా ఉంటాయి, రెండు చేతుల్లో రెండు బిందెలతో నడుచుకుంటూ దిగి, ముంచుకుని, పైకెక్కి మొక్కలకు పోసుకోవాలి. రెండు నిలువులు కూడా ఉండని ఆ గుంటలో నీళ్ళు మా ఊరి చెరువు నీళ్ళకంటే తియ్యగా ఉండేవి. సముద్రం హోరు వినిపించేంత దగ్గర్లో ఆ తీపి ఎక్కడిదో నేను అడగలేదు. ఉంది కదా అనుకున్నాను, అంతే.

ఆ నీళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. ప్రతి దొరువులోనూ ఒక తాటిపట్టె నిలువుగా పాతి ఉండేది, దానికి కత్తితో కొట్టిన గాటు. నీళ్ళు ఆ గాటుకు దిగాయంటే ఆ పూటకు ఎవరూ బిందె ముంచకూడదు. మళ్ళీ ఊరేదాకా ఆగాలి. గుంటను వెడల్పు చేసుకోవచ్చు గాని లోతుకు ఒక్క పార కూడా వేయకూడదు. ఆ గాటు ఎక్కడ కొట్టాలో చెప్పేది మా మేనత్త. వారానికోసారి చుట్టుపక్కల దొరువులన్నీ తిరిగేది. దోసిట్లో నీళ్ళు తీసుకుని, కాసేపు నాలుక మీద ఉంచుకుని, ఉమ్మేసి, దీనికి రెండు రోజులు సెలవివ్వండి అనేది. మీసాలున్న రైతులు కూడా సరే అక్కా అని బిందెలు బోర్లించుకునేవాళ్ళు. చదువులేని ఆడమనిషి మాటకు అంత విలువ ఉండటం నేను అక్కడే మొదటిసారి చూశాను.

చూశాను గాని అర్థం చేసుకోలేదు. నాకు ఆవిడ ఒట్టి పిరికిదని అనిపించేది. మిట్టమధ్యాహ్నం వంగమొక్కలు తలలు వేలాడేసి ఉండేవి, దొరువులో మోకాలి లోతు నీళ్ళు కళ్ళెదురుగా కనబడేవి, ఈవిడేమో గాటు చూసి పందిరి కింద కూర్చుని బెండకాయలు ఏరుకునేది. ఇంకో మూరెడు తవ్వితే పోయేదానికి ఇంత బాధెందుకత్తా అని ఒకసారి అన్నాను. ఆవిడ నవ్వి, మీ ఊరి తెలివి మీ ఊళ్ళో పెట్టుకో అంది. ఆ మాట నాకు కోపం తెప్పించింది. మా ఊరి తెలివేంటో చూపిస్తాననుకున్నాను.

అవకాశం తొందరగానే వచ్చింది. బాపట్లలో అత్త ఆడపడుచు కూతురికి పురుడు వచ్చింది. రెండు రోజుల్లో వస్తానని, నన్ను పక్క తోట మామ ఇంట్లో అన్నం తినమని చెప్పి, గాటు దాటి ముంచవద్దని మరీ మరీ చెప్పి అత్త వెళ్ళింది. పక్క తోట మామ మా బంధువేమీ కాదు. ఆ తోట యజమాని, అత్తను అక్కా అంటాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. అంతా అన్నాలు తిని నడుం వాల్చిన వేళ నేను పార తీసుకుని దొరువులో దిగాను.

ఇసుక తవ్వడం ఎంత సులువో. మా బంకమట్టికి చేతులు బొబ్బలెక్కేవి, ఇక్కడ పార వేస్తే చాలు వచ్చేస్తుంది. పక్కల నుంచి జారిపడుతున్నా, ఆ కాసిని నీళ్ళలోనే నిలబడి పట్టు వదలకుండా మధ్యలో నా నడుం లోతు గొయ్యి తీశాను. అడుగున ఇసుక రంగు మారి బూడిదరంగులోకి వచ్చింది. అందులో గవ్వలు, ఆల్చిప్పల ముక్కలు తగిలాయి. వాటిని ఏరి గట్టు మీద వరసగా పేర్చుకున్నాను కూడా. కాసేపటికి బుడబుడమని ఇంకా నీళ్ళు ఊరాయి. గాటు మునిగిపోయింది. నా ఒళ్ళు పొంగిపోయింది. అత్త తిరిగొచ్చేసరికి తోటంతా కళకళలాడుతుంటే చూసి ఏమంటుందో, మా నాన్నకు ఎంత గొప్పగా చెబుతుందో అనుకుంటూ ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున, మళ్ళీ సాయంత్రం వంగమడులన్నీ తడిపాను. ఆకులకు చల్లగా ఉంటుందని పైనుంచి కూడా పోశాను. తాగి చూడాలని మాత్రం తోచలేదు. మంచినీళ్ళు మామ ఇంట్లో తాగుతున్నాను కదా.

మూడో రోజు పొద్దున ఆకుల అంచులు మాడి ఉన్నాయి. ఎండదెబ్బ అనుకుని ఇంకో నాలుగు బిందెలు పోశాను. ఆ నాలుగో బిందె పోస్తుండగా అత్త వచ్చింది. మొక్కల వంక చూసింది, దొరువు వంక చూసింది, నా వంక చూడలేదు. చేతిలో సంచీతోనే కిందికి దిగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని, నోట్లో పోసుకుని, వెంటనే ఉమ్మేసింది. తర్వాత ఆ ఏటవాలు మీదే కూర్చుండిపోయింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆవిడ గట్టు మీది గవ్వల వరసనే చూస్తుంటే నాకు మొదటిసారి భయం వేసింది.

ఇంతలో పక్క తోట మామ వచ్చాడు. తన దొరువులో నీళ్ళు కూడా పొద్దుటి నుంచి ఉప్పగా తగులుతున్నాయని, ఒకసారి రుచి చూడమని అడగడానికి వచ్చాడు. వచ్చినవాడు గొయ్యి చూసి ఆగిపోయాడు.

"ఎవరక్కా తవ్వింది?" అన్నాడు.

నేను కాకరపందిరి వెనక్కి నక్కాను. చెబితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మామ మూడు రోజులకోసారి కూరగాయల బండితో చెరుకుపల్లి వెళ్తాడు, మా నాన్నతో కూర్చుని చుట్ట కాలుస్తాడు. రెండు మూడు రోజుల్లో ఆయన చెవిన పడుతుంది. నా చదువు అక్కడితో సరి. అది నాకు ఎంత తెలుసో అత్తకూ అంతే తెలుసు.

"నేనేనయ్యా," అంది అత్త. "బాపట్ల పోయే ముందు తవ్వాను. మొక్కలు వాడిపోతన్నాయని ఆశపడ్డాను. బుద్ధి గడ్డి తిన్నది."

మామ గొయ్యి వైపు ఇంకోసారి చూశాడు. "నువ్వే ఇట్టా చేస్తే ఇంక మాకేం చెప్తావక్కా," అని మాత్రం అని వెళ్ళిపోయాడు. గట్టిగా కూడా అనలేదు. అతని గొంతులో కోపం ఉంటే అత్తకు ఆ మాట తేలిగ్గా ఉండేదేమో.

ఆ తర్వాత కూడా అత్త నన్ను తిట్టలేదు. చుట్టాలకు మాత్రమే తీసే గాజుగ్లాసు తీసి కడిగింది. సగానికి నీళ్ళు పోసి, పిడికెడు ఉప్పు వేసి కరిగేదాకా తిప్పింది. ఇంకో గిన్నెలో మంచినీళ్ళలో చిటికెడు పసుపు కలిపింది. ఉప్పునీళ్ళ మీద ఒక ఆకుముక్క తేలేలా వేసి, దాని మీదుగా పసుపునీళ్ళు చుక్క చుక్కగా వదిలింది. ఆశ్చర్యంగా అవి కలవలేదు. కింద తెల్లగా, పైన పచ్చగా రెండు నీళ్ళూ విడివిడిగా నిలబడ్డాయి. బొప్పాయి ఆకు కాడ కోసి, కడిగి, రెండు చివర్లూ కత్తిరించి నా చేతికిచ్చింది. పైపైన పెట్టి నెమ్మదిగా పీల్చమంది. తియ్యటి నీళ్ళే, కొంచెం పసుపు వాసన. ఇప్పుడు గట్టిగా పీల్చమంది. పీల్చాను. కిందనున్న తెల్లనీళ్ళు కాడ మొదలు వైపు మెల్లగా ఉబికి పైకి రావడం కళ్ళతో చూశాను. నోరంతా ఉప్పు.

అప్పుడు చెప్పింది. పైన ఉన్న పచ్చటి నీళ్ళు మనకు పడిన వాన, ఇసుక మెల్లమెల్లగా తాగి దాచుకున్నది. కిందనున్నది సముద్రం. మన కాళ్ళ కింద, ఈ తోట కింద, ఆ దిబ్బ కింద అంతటా ఉంది. మంచినీళ్ళు తేలిక, ఉప్పునీళ్ళు బరువు, అందుకని తీపి పైన తేలుతోంది. పైన తక్కువ తీస్తే తీపి ఉంటుంది. ఎక్కువ లాగితే కిందది పైకెక్కుతుంది. ఎక్కినది దిగాలంటే మళ్ళీ వాన పడాలి, ఒక్క వాన చాలదు.

నేను పేర్చుకున్న గవ్వలు చూపించి ఇవి ఇక్కడికి ఎవరు తెచ్చారనుకున్నావు అని అడిగింది. ఎవరో పారేసి ఉంటారన్నాను. అత్త తల అడ్డంగా ఊపింది. మనం కూర్చున్న చోటు ఒకప్పుడు అలలు తగిలే ఒడ్డు, కృష్ణ పైనుంచి ఒండ్రు తెచ్చి పోస్తుంటే సముద్రం వెనక్కి జరిగింది, జరిగినప్పుడల్లా ఒక ఇసుకదిబ్బ వరసను గుర్తుగా వదిలి పోయింది అంది. బాపట్ల నుంచి వచ్చేటప్పుడు దిబ్బ, పల్లం, మళ్ళీ దిబ్బ, మళ్ళీ పల్లం ఎక్కి దిగాం కదా, ఒక్కో దిబ్బా ఒక్కో కాలపు ఒడ్డని చెప్పింది. మీ నల్లరేగడి కూడా ఆ నది మోసుకొచ్చిందే, కాకపోతే మీవాళ్ళకు కాలువ ఉంది కాబట్టి అడుగున ఏముందో చూడాల్సిన పని పడలేదు అంది. ఇదంతా ఆవిడకు వాళ్ళ మామగారు చెప్పారట. ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. చాలా ఏళ్ళ తర్వాత ట్రైనింగ్ కాలేజీలో మా లెక్చరర్ పాత తీరరేఖల గురించి గంటసేపు చెప్పి, చివర్లో ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగారు. నాకు ఒక్కటీ లేదు.

గొయ్యి పూడ్చడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. పొడి ఇసుక మోసి మోసి అత్త నడుం పట్టేసింది. వంగతోట సగం పైగా ఎండిపోయింది. మిగిలిన దాన్ని కాపాడుకోవడానికి ఆవిడ దూరపు దొరువు నుంచి బిందెలు మోసింది, అదీ అందరూ ముంచుకున్నాక మిగిలితేనే. ఇవన్నీ నేను కళ్ళతో చూసి తట్టుకున్నాను. పిల్లలకు అలాంటివి తట్టుకునే మొండితనం ఉంటుంది. తట్టుకోలేనిది ఇంకొకటి జరిగింది. ఆ వారం దొరువుల దగ్గరకు రమ్మని అత్తను ఎవరూ పిలవలేదు. తర్వాతి వారం కూడా పిలవలేదు. పిలవకుండానే ఒక దొరువు దగ్గరకు వెళ్ళి దోసిలి పట్టబోతే, ఆ రైతు మర్యాదగానే, మేం చూసుకుంటాంలే అక్కా అన్నాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగుకు తుడుచుకుని ఇంటికొచ్చింది. ఇంకో నెల తిరక్కుండానే ఒకతను తన దొరువులో మూరెడు తవ్వాడు. ఇంకొకతను రెండు మూరలు తవ్వాడు. అడిగినవాళ్ళకు వాళ్ళ జవాబు ఒక్కటే, అక్కే తవ్వింది కదా అని.

పిల్ల చేసిన చిలిపి పని అని తెలిసి ఉంటే నాలుగు రోజులు తిట్టుకుని మరిచిపోయేవాళ్ళు. ఆ గాటు గాటుగానే ఉండేది. ఆవిడ చేసిందనుకోవడం వల్ల ఆ కట్టుబాటే పోయింది. ఇది నాకు అప్పుడే తెలుసు. పదేళ్ళ పిల్లకు ఏం తెలుస్తుందిలే అని నన్ను వెనకేసుకురావడానికి ఎవరూ ప్రయత్నించవద్దు. తెలిసే నోరు మూసుకున్నాను. జూన్‌లో నాన్న వచ్చి, పిల్ల ఏమైనా అల్లరి చేసిందా అని అడిగాడు. నీ కూతురు బంగారం అన్నయ్యా అంది అత్త. ఆ నెలలోనే తెనాలి హైస్కూల్లో చేరాను. ఆ చదువుతోనే టీచర్నయ్యాను, ఆ జీతంతోనే బతికాను.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి ఏడాదీ గాజుగ్లాసు, పసుపు, ఉప్పు పట్టుకుని క్లాసుకు వెళ్ళేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు, పరీక్షలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకునేవాళ్ళు, పెద్దయ్యాక పొలానికి వెళ్ళి బోరు ఎంత లోతు వేస్తే అంత మంచిదని వేయించుకునేవాళ్ళు. ఇప్పుడు అటువైపు దొరువులు ఎక్కడో గాని లేవు. బోర్లలో ఉప్పునీళ్ళు వస్తున్నాయని తాగడానికి క్యాన్లు కొనుక్కుంటున్నారు. మొన్న మా తమ్ముడి కొడుకు ఫోన్ చేసి, మీ మేనత్త తోట పక్కనే స్థలం కొన్నానత్తా, బోరు ఎన్ని అడుగులు వేయించమంటావు అని అడిగాడు. లోతు వద్దురా, పైపైన వెడల్పుగా తీసుకో, వాననీళ్ళు ఇంకనివ్వు అని చెప్పాను. సరే అత్తా, అంటూనే వెనకనున్న మనిషితో, ఇంకో గొట్టం దించండి అన్నాడు. నాకు కోపం కూడా రాలేదు. ఫోన్ పెట్టేసి పడుకున్నాను. నా మాట వినకపోవడానికి నేనెవర్ని తప్పుపట్టాలి? వినాల్సిన మనిషి మాటను వినకుండా చేసినదాన్ని నేనే.

అత్త చివరి రోజుల్లో రేపల్లెలో ఆడపడుచు మనవరాలి దగ్గర ఉండేది. ఆ పిల్ల పుట్టిన పురుటికే ఆవిడ ఆ రోజు బాపట్ల వెళ్ళింది. తెనాలి నుంచి పాసింజర్ ఎక్కి నేనొకసారి వెళ్ళాను. చూడటానికి కాదు, చెప్పడానికి వెళ్ళాను. అన్నేళ్ళు మోసి అలిసిపోయాను, ఆవిడ ఉండగానే దింపుకోవాలనుకున్నాను. మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. అత్తా, నీ మాట పోయింది నా వల్లే, అక్కడి వాళ్ళందరికీ నిజం చెప్పేస్తాను, ఇప్పటికైనా చెప్పనీ అన్నాను. మామ కొడుకులున్నారు, మిగతా రైతుల పిల్లలున్నారు, వాళ్ళకైనా తెలియాలి కదా అన్నాను.

ఆవిడకు చూపు సరిగ్గా లేదు. నా చెయ్యి తడుముకుని పట్టుకుంది.

"తవ్వింది నేనేనమ్మా," అంది. "నువ్వప్పుడు చిన్నపిల్లవి. నీకు గుర్తుండదు."

మరిచిపోయింది కాబోలు, వయసు కదా అనుకున్నాను. బండి వేళయిందని లేవబోతుంటే చెయ్యి వదలకుండా నన్ను కిందికి లాగింది. గుమ్మం వైపు ఒకసారి తల తిప్పి, ఎవరూ లేరని నిశ్చయించుకుని, నా చెవి దగ్గర మెల్లగా అంది.

"మీ నాన్నకి మాత్రం చెప్పమాకే."

నాన్న పోయి అప్పటికి పదేళ్ళు దాటింది. చెప్పన్లే అత్తా, అన్నాను. అప్పుడు గాని ఆవిడ నా చెయ్యి వదల్లేదు.